సముద్రం కింద నుంచి రెండు దేశాల గ్రిడ్‌లను కలపడానికి పదేళ్లు ఎందుకు పడుతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. భారత్, శ్రీలంక గ్రిడ్‌లను కలుపుతారన్న వార్త చాలా ఏళ్లుగా వింటున్నారు. ధనుష్కోటి నుంచి తలైమన్నార్‌కు ముప్పై కిలోమీటర్ల సముద్రమే ఉంది. అటు చూస్తే నార్వే నుంచి ఇంగ్లండ్‌కు 720 కిలోమీటర్ల కేబుల్ వేసి కరెంటు పంపుకుంటున్నారు. మరి ఇలాంటి లింకు కట్టడంలో అసలు కష్టం ఎక్కడుంది, మామూలు ఏసీ కేబుల్ ఒకటి వేసి కలిపేస్తే సరిపోదా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే: సముద్రంలో కేబుల్ పరవడం రెండు మూడు వేసవుల పని. దాని రెండు కొసల దగ్గరున్న గ్రిడ్‌లు ఆ కరెంటును మోయగలవా, ధర ఎవరు నిర్ణయించాలి, లాభం ఎవరికి, నష్టం ఎవరికి అన్నవి తేలడానికే మిగతా ఏళ్లన్నీ పోతాయి. ఇక ఏసీ సంగతి: ముప్పై కిలోమీటర్లకు ఏసీ కేబుల్ వేయడం సాధ్యమే, కానీ భారత్-శ్రీలంక విషయంలో వేయకూడదు. ఎందుకో కింద చెప్తాను.

నేను గాజువాక దగ్గరున్న హెచ్‌వీడీసీ (ఎక్కువ వోల్టేజీ డీసీ) బ్యాక్-టు-బ్యాక్ స్టేషన్‌లో ఉద్యోగం మొదలుపెట్టాను. తర్వాత పద్నాలుగేళ్లుగా ఉత్తర సముద్రం (నార్త్ సీ) చుట్టూ ఉన్న దేశాల మధ్య కేబుల్ ప్రాజెక్టుల్లో, ఎక్కువగా టెస్టింగ్, కమిషనింగ్ (కట్టినదాన్ని పరీక్షించి నడకలో పెట్టడం) వైపు పనిచేస్తున్నాను. కాబట్టి మొదలు గాజువాక నుంచే పెడతాను, విషయం తేలిగ్గా అర్థమవుతుంది.

2013 డిసెంబర్ 31 వరకు మన దక్షిణ గ్రిడ్ వేరు, మిగతా దేశపు గ్రిడ్ వేరు. రెండూ 50 హెర్ట్జ్‌వే, కానీ ఒకదానితో ఒకటి అడుగు కలిపి నడిచేవి కావు. అటు 50 దగ్గర ఉన్నప్పుడు ఇటు 49 చిల్లర ఉండేది. అలాంటి రెండింటిని ఏసీ లైనుతో నేరుగా కలపలేం. అందుకే గాజువాకలో 1999లో 500 మెగావాట్లు, 2005లో ఇంకో 500 మెగావాట్ల కన్వర్టర్లు పెట్టారు. ఒడిశా వైపు జైపూర్ నుంచి వచ్చిన ఏసీని డీసీగా మార్చి, అదే హాల్లో పక్కనే మళ్లీ ఏసీగా మార్చి దక్షిణ గ్రిడ్‌కు ఇస్తారు. రెండు గ్రిడ్‌లు ఎవరి ఫ్రీక్వెన్సీ వారిది ఉంచుకుంటూనే కరెంటు ఇచ్చిపుచ్చుకుంటాయి. సముద్రం లింకు అంటే కొత్త వింతేమీ లేదు, ఆ గాజువాక హాలును మధ్యలో కోసి, రెండు సగాలను రెండు దేశాల్లో పెట్టి, మధ్యలో కేబుల్ సాగదీసినట్టు. 

దాని ఉపయోగం ఎంతో 2012 జూలై 30, 31 తేదీల్లో దేశమంతా చూసింది. ఉత్తరాది గ్రిడ్ కూలింది, రెండో రోజు దానితోపాటు తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లు కూడా పడిపోయాయి. దక్షిణాదిలో మాత్రం కరెంటు ఉంది, ఎందుకంటే మనల్ని వాళ్లతో కలిపినవి డీసీ లింకులే. అవతల గ్రిడ్ పడిపోతుంటే డీసీ లింకు దాంతోపాటు మనల్నీ లాగేయదు, ఎంత ఇవ్వమని సెట్ చేశామో అంతే ఇస్తుంది, లేదా ఆగిపోతుంది. ఏసీ లైను అలా కాదు, అవతల ఎంత లోటు ఉంటే అంత లాగాలని చూస్తుంది. ఈ ఒక్క కారణం చాలు, దూరం తక్కువైనా రెండు దేశాల మధ్య డీసీ ఎందుకు కోరుకుంటారో చెప్పడానికి.

దూరం ఎక్కువైతే ఇంకో కారణం కూడా తోడవుతుంది. కేబుల్ అంటే మధ్యలో కండక్టర్, చుట్టూ ఇన్సులేషన్, దాని చుట్టూ లోహపు తొడుగు. అంటే అదో పొడవాటి కెపాసిటర్. ఏసీలో సెకనుకు యాభై సార్లు దాన్ని నింపాలి, ఖాళీ చేయాలి. ఒక చిన్న లెక్క వేసి చూడండి: 220 కిలోవోల్టుల కేబుల్, కిలోమీటరుకు సుమారు 0.2 మైక్రోఫారడ్ అనుకుంటే, చార్జింగ్ కరెంటే కిలోమీటరుకు 8 ఆంపియర్ల దాకా వస్తుంది. వంద కిలోమీటర్లకు 800 ఆంపియర్లు. ఆ కేబుల్ మొత్తం మోయగలిగేదే దాదాపు వెయ్యి ఆంపియర్లు! అంటే కేబుల్ తన పొట్ట తాను నింపుకోవడానికే సరిపోతుంది, అవతలికి పంపడానికి మిగిలేది కొద్దిగా. రెండు కొసల్లోనూ రియాక్టర్లు (అణు రియాక్టర్లు కావు, చార్జింగ్ కరెంటును సర్దే పెద్ద తీగచుట్టలు) పెట్టి ఈ భారాన్ని పంచొచ్చు, అలా చేసినవీ ఉన్నాయి. సిసిలీ, మాల్టాల మధ్య 2015లో మొదలైన 220 కిలోవోల్టుల లింకు ఏసీయే, సముద్రంలో దాదాపు వంద కిలోమీటర్లు, సామర్థ్యం 200 మెగావాట్లు. స్పెయిన్, మొరాకోల మధ్య జిబ్రాల్టర్ జలసంధిలో 1997 నుంచి 400 కిలోవోల్టుల ఏసీ కేబుళ్లు ఉన్నాయి, అక్కడ దూరం ముప్పై కిలోమీటర్ల లోపే. మొరాకో దాంతో యూరప్ గ్రిడ్‌తో అడుగు కలిపి నడుస్తోంది. కాబట్టి "సముద్రమంటే డీసీయే" అన్నది నియమం కాదు. దూరం యాభై, ఎనభై కిలోమీటర్లు దాటుతున్నకొద్దీ, పంపే కరెంటు పెరుగుతున్నకొద్దీ డీసీ తప్పనిసరి అవుతుంది.

డీసీకి సముద్రంతో సంబంధం మొదటి నుంచీ ఉంది. వాణిజ్యపరంగా నడిచిన మొదటి హెచ్‌వీడీసీ లింకే సముద్రం కేబుల్, 1954లో స్వీడన్ ప్రధాన భూభాగం నుంచి గోట్లాండ్ దీవికి, 20 మెగావాట్లు, 100 కిలోవోల్టులు. ఉనో లామ్ అనే ఇంజనీరు, ఏసీని డీసీగా మార్చే పాదరసపు వాల్వుల మీద ఏళ్లతరబడి పనిచేసి సాధించిన పని అది. 1961లో ఇంగ్లండ్, ఫ్రాన్స్ మధ్య 160 మెగావాట్లు వచ్చింది, 1986లో దాని స్థానంలో 2,000 మెగావాట్ల లింకు వేశారు. ఇప్పుడు మీరు ప్రస్తావించిన నార్వే-ఇంగ్లండ్ కేబుల్, అంటే నార్త్ సీ లింక్, 1,400 మెగావాట్లు, ప్లస్-మైనస్ 515 కిలోవోల్టులు. రెండు కేబుళ్ల మధ్య ఉండే 1,030 కిలోవోల్టులతో భాగిస్తే తేలుతుంది, కేబుల్‌లో పారేది 1,360 ఆంపియర్లు మాత్రమే. ఒక పెద్ద థర్మల్ స్టేషన్ ఉత్పత్తి మొత్తం భుజమంత లావున్న రెండు కేబుళ్లలో వెళ్తోందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

కన్వర్టర్లలో రెండు రకాలు. పాత రకంలో థైరిస్టర్లు (ఒక రకం ఎలక్ట్రానిక్ స్విచ్చులు) వాడతారు, అవి పనిచేయాలంటే అవతల గ్రిడ్ బలంగా, వోల్టేజీ నిలకడగా ఉండాలి. కరెంటు దిశ మార్చాలంటే కేబుల్ వోల్టేజీ ప్లస్ మైనస్‌లు తారుమారు చేయాలి. కొత్త రకం, అంటే వీఎస్‌సీ, ట్రాన్సిస్టర్లతో నడుస్తుంది. బలహీనమైన గ్రిడ్‌ను కూడా పట్టుకుని నిలబెట్టగలదు, పూర్తిగా చీకటైన గ్రిడ్‌ను మళ్లీ లేపగలదు, దిశ మార్చడానికి వోల్టేజీ మార్చక్కర్లేదు. చిన్న దీవి దేశానికి లింకు కడుతుంటే రెండో రకమే అడగాలని నా గట్టి అభిప్రాయం. మార్పిడిలో పోయే కరెంటు ఒక్కో కొసలో ఒక శాతం అటూ ఇటూ ఉంటుంది, పాత రకం కంటే కాస్త ఎక్కువే, అయినా సరే.

ఇక కేబుల్. దీన్ని తయారుచేసే ఫ్యాక్టరీలు ప్రపంచంలో లెక్కపెట్టేన్ని ఉన్నాయి, దాదాపు అన్నీ నీటి ఒడ్డునే ఉంటాయి: నార్వేలో హాల్డెన్, స్వీడన్‌లో కార్ల్స్‌క్రోనా, ఇటలీలో నేపుల్స్ దగ్గర ఆర్కో ఫెలీచే, ఫిన్లాండ్‌లో పిక్కాలా. కారణం తేలికే. వంద కిలోమీటర్లకు పైగా ఒకే ముక్కగా చేసి, వేల టన్నుల చుట్టను నేరుగా ఓడ మీది తిరిగే పళ్లెంలోకి ఎక్కించాలి, లారీల మీద తెచ్చే వస్తువు కాదు. నెక్సాన్స్ అరోరా అనే ఓడ ఒక్కటే పది వేల టన్నులు మోస్తుంది. ఒక మీటరు కేబుల్ నలభై, యాభై కిలోలు తూగుతుంది. లోపల రాగి, దాని చుట్టూ చిక్కటి నూనెలో నానబెట్టిన కాగితపు పొరలు, ఆపైన సీసం తొడుగు, ప్లాస్టిక్, ఉక్కు తీగల కవచం. కొత్త కేబుళ్లలో కాగితం బదులు ఎక్స్‌ఎల్‌పీఈ ప్లాస్టిక్ వస్తోంది. కాగితం నానడానికే వారాలు పడుతుంది, తొందరపెట్టడానికి వీల్లేదు. ఫ్యాక్టరీలో వంతు దొరకడానికే ఏళ్లు పట్టొచ్చు. ఒప్పందం రేపు సంతకమైనా కేబుల్ రేపు రాదు.

సముద్రంలో పని గురించి చాలామందికి ఒక ఊహ ఉంటుంది, ఓడ వెళ్తూ ఉంటే కేబుల్ వెనకాల జారుతూ ఉంటుందని. అది నిజమే, మంచి వాతావరణంలో రోజుకు ఎనిమిది, పది కిలోమీటర్లు వేస్తారు. దానికి ముందు రెండేళ్లు అడుగు సర్వే నడుస్తుంది. ఉత్తర సముద్రంలో రెండో ప్రపంచయుద్ధం నాటి పేలని బాంబులు ఇప్పటికీ దొరుకుతాయి, ప్రతి అనుమానాన్నీ చూసి, తొలగించి, లేదా దారి మార్చి వెళ్లాలి. పాత టెలికాం కేబుళ్లు, గ్యాస్ పైపులు అడ్డు వస్తే వాటి యజమానులతో ఒక్కొక్కరితో ఒక్కో ఒప్పందం, వాటి మీదుగా రాళ్లు పోసి వంతెనలాగా దాటించడం. వేశాక నీటి జెట్లతో గాని నాగలితో గాని మీటరు, రెండు మీటర్ల లోతున పూడ్చాలి. అడుగు గట్టి రాయి అయితే పైన రాళ్లు పోయాలి.

నాకు బాగా గుర్తున్న సంఘటన ఒకటి చెప్తాను, ప్రాజెక్టు పేరు వద్దు. రెండు కేబుల్ ముక్కలను ఓడ డెక్ మీద కలపాలి. ఆ జాయింటు చేసే మనుషులు నిజంగా శిల్పుల్లాంటి వాళ్లు, ఆపరేషన్ థియేటర్ అంత శుభ్రంగా ఉండే కంటైనర్‌లో కూర్చుని కాగితం పొర మీద పొర చేత్తో చుడతారు. వారం దాకా పడుతుంది. ఆ వారమంతా ఓడ ఒకేచోట కదలకుండా ఉండాలి, రెండు వైపులా కేబుల్ సముద్రంలోకి వేలాడుతూ ఉంటుంది. మేం నాలుగో రోజుకు వచ్చేసరికి వాతావరణ సూచన మారింది. ఆరో రోజుకు పెద్ద అలలు వస్తాయన్నారు. ఆపాలా, కొనసాగించాలా అని రాత్రంతా టెన్షన్. చివరికి జాయింటు కోసేసి, రెండు కొసలకూ సీలు వేసి, గుర్తు పెట్టి, అడుగుకు దించి ఓడ రేవుకు పోయింది. తిరిగి వచ్చింది మూడు వారాల తర్వాత. మొదటి పొర నుంచి మళ్లీ మొదలు. ఆ నిర్ణయం తీసుకున్న ఆవిడ సరిగ్గానే చేసిందని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. తొందరపడి పూర్తిచేసిన జాయింటులో ఒక్క గాలిబుడగ ఉన్నా ఐదేళ్ల తర్వాత సముద్రం అడుగున పేలుతుంది.

అయినా సరే, సముద్రంలో వచ్చే కష్టాలు తెలిసిన కష్టాలు. డబ్బు, ఓపిక ఉంటే తీరతాయి. నేను చూసినంతలో ప్రాజెక్టులు ఆగింది, సగం బలంతో నడిచింది ఒడ్డు మీది కారణాలతోనే.

మొదటిది, ఒడ్డు దాటాక లోపలి గ్రిడ్. ఇంగ్లండ్, డెన్మార్క్ మధ్య వైకింగ్ లింక్ 765 కిలోమీటర్లు, 1,400 మెగావాట్లు. 2023 డిసెంబర్ 29న మొదలైంది. కానీ మొదట్లో 800 మెగావాట్లకు పరిమితం చేయాల్సి వచ్చింది, ఎందుకంటే డెన్మార్క్ పశ్చిమ తీరంలో లోపలి లైన్లు ఆ కరెంటును మోసుకుపోవడానికి ఇంకా సిద్ధంగా లేవు. కేబుల్ మంచిదే, స్టేషన్లు మంచివే, దాని వెనకాల రోడ్డు ఇరుకు. మన ఊళ్లో నాలుగు లైన్ల వంతెన కట్టి అవతల ఎడ్లబండి బాట వదిలేస్తే ఏమవుతుందో అదే.

రెండోది, ఒక్క దెబ్బకు ఎంత పోతే గ్రిడ్ తట్టుకుంటుంది అన్న లెక్క. లింకు ట్రిప్ అయిన క్షణంలో దిగుమతి చేసుకునే దేశం అంత ఉత్పత్తిని ఒక్కసారిగా పోగొట్టుకుంటుంది. బ్రిటన్ గ్రిడ్ 1,800 మెగావాట్ల దాకా తట్టుకునేలా నిల్వ పెట్టుకుంటుంది. నార్డిక్ దేశాల్లో ఆ పరిమితి దాదాపు 1,400 దగ్గర ఉంటుంది. నార్వే నుంచి ఇంగ్లండ్‌కూ, జర్మనీకీ వెళ్లే రెండు లింకులూ సరిగ్గా 1,400 మెగావాట్లే ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమవుతుంది. కేబుల్ ఎంత మోయగలదు అన్నది రెండో ప్రశ్న, గ్రిడ్ ఎంత కోల్పోగలదు అన్నదే మొదటి ప్రశ్న.

మూడోది, డబ్బు, ధర, జనం. నార్త్ సీ లింక్ ఎందుకు పుట్టిందో చూడండి. నార్వే కొస క్విల్‌డాల్‌లో ఉంది, అక్కడ 1,240 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం ఉంది, దేశంలో అదే పెద్దది. బ్రిటన్‌లో గాలి బాగా వీచినప్పుడు కరెంటు చౌక. అప్పుడు నార్వే దాన్ని కొనుక్కుని తన రిజర్వాయర్లలో నీళ్లు దాచుకుంటుంది. గాలి ఆగిన సాయంత్రం ఆ నీళ్లు వదిలి బ్రిటన్‌కు అమ్ముతుంది. రెండు వైపుల ధరల తేడాయే లింకు సంపాదన. అది ఒక ఏడాది విపరీతంగా రావొచ్చు, ఇంకో ఏడాది అప్పు వడ్డీకి కూడా చాలకపోవచ్చు. అందుకే బ్రిటన్‌లో పైకీ కిందికీ హద్దు పెట్టారు: ఆదాయం పై హద్దు దాటితే మిగులు వినియోగదారులకు తిరిగి వెళ్తుంది, కింది హద్దు తగ్గితే వినియోగదారుల బిల్లుల నుంచి పూడుస్తారు. నాకు ఈ పద్ధతి న్యాయంగా తోస్తుంది, ఎవరికెంత అన్నది కేబుల్ వేయకముందే కాగితం మీద ఉంటుంది.

కానీ ధరల తేడా మీద బతికే లింకు ఆ తేడాను తగ్గిస్తుంది కూడా. ఖరీదైన వైపు కాస్త చౌక అవుతుంది, చౌక వైపు కాస్త ఖరీదవుతుంది. 2021 చివర్లో, 2022లో యూరప్‌లో గ్యాస్ ధరలు మండిపోయినప్పుడు దక్షిణ నార్వేలో కరెంటు ధర ఎన్నడూ లేనంత పెరిగింది. కేబుళ్ల వల్లే మా నీళ్లు అవతలికి పోతున్నాయి, మా బిల్లులు పెరుగుతున్నాయి అని జనం కోపగించారు. రిజర్వాయర్లలో నీళ్లు తక్కువగా ఉండటం కూడా కారణమే, కానీ ఇంట్లో బిల్లు చూసుకునే మనిషికి ఆ వివరణ సరిపోదు, సరిపోవాలని అనుకోవడం కూడా తప్పు. ప్రభుత్వం 2021 డిసెంబర్ నుంచి ఇళ్ల బిల్లుల్లో పెద్ద భాగం భరించాల్సి వచ్చింది. 2023 మార్చిలో స్కాట్లాండ్‌కు వేయాలనుకున్న నార్త్‌కనెక్ట్ అనే లింకుకు అనుమతి లేదని నార్వే ప్రభుత్వం తేల్చేసింది. ఇంజనీరింగ్‌లో దానికి ఏ లోపమూ లేదు.

కమిషనింగ్ గురించి ఒక మాట చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. రెండు దేశాల కంట్రోల్ రూములు, రెండు భాషలు, రెండు పద్ధతులు. ఒకసారి మేం కరెంటు పంపకుండా సిగ్నళ్లు మాత్రం పరీక్షిస్తున్నాం. అటు నుంచి "ప్లస్ 200" అన్నారు. ఇటు తెర మీద కూడా ప్లస్ 200. అందరూ సరే అనుకున్నారు. నాకు గాజువాకలో మా పెద్ద సార్ నేర్పిన అలవాటు ఒకటుంది, దిశను ఎప్పుడూ గుర్తుతో కాదు, ఊరు పేరుతో చెప్పాలి, "ఎక్కడి నుంచి ఎక్కడికి" అని. అలా అడిగేసరికి బయటపడింది: ఒక దేశంలో ఎగుమతి ప్లస్, ఇంకో దేశంలో దిగుమతి ప్లస్ అన్నది పద్ధతి, మధ్యలో ఎవరో ఒక చోట మార్చి, ఇంకో చోట మార్చడం మర్చిపోయారు. అలాగే నిజం కరెంటుతో నడిపి ఉంటే, కొరత ఉన్న గ్రిడ్ నుంచి మేం ఇంకా లాగేవాళ్లం. మీరు ఈ రంగంలోకి వస్తే ఇది గుర్తుపెట్టుకోండి. ఎవరు ఏ బటన్ నొక్కుతారు, అత్యవసరంలో ఎవరి మాట చెల్లుతుంది, ఫ్రీక్వెన్సీ ఎంతకు పడితే లింకు తనంతట తాను సాయం చేయాలి, ఇవన్నీ రాసుకున్న పత్రాలు వందల పేజీలు ఉంటాయి, ఒక్కో పేరా మీద నెలలు కూర్చుంటారు.

తెగితే ఏమవుతుంది అని మీరు కామెంటులో అడిగారు కదా. ఎక్కువగా తెంచేవి ఓడల లంగర్లు, చేపల వలలు. 2016 నవంబర్‌లో ఆంగస్ తుఫానప్పుడు ఇంగ్లండ్-ఫ్రాన్స్ లింకులో ఎనిమిది కేబుళ్లలో నాలుగు లంగరు తగిలి తెగిపోయాయి, సామర్థ్యం సగమై కొన్ని నెలలు అలాగే నడిచింది. 2024 డిసెంబర్ 25న ఫిన్లాండ్, ఎస్టోనియాల మధ్య 650 మెగావాట్ల ఎస్ట్‌లింక్ 2 దెబ్బతింది, తిరిగి వచ్చింది 2025 జూన్ 20న. ఆర్నెల్లు! ఎక్కడ తెగిందో ఒడ్డు నుంచి పల్స్ పంపి కనుక్కోవడం గంటల పని. ఆ తర్వాత ఖాళీగా ఉన్న ఓడ దొరకాలి, జాయింటర్లు దొరకాలి, అనుమతులు రావాలి, వాతావరణం అనుకూలించాలి. తెగిన ముక్క కోసి, రెండు కొసలూ పైకి లాగి, మధ్యలో స్పేర్ కేబుల్ అతకాలి, అంటే ఒక్క తెగుడుకు రెండు జాయింట్లు. స్పేర్ కేబుల్ ముందే కొని దాచుకోని వాళ్లకు ఇంకా కష్టం. 2021 సెప్టెంబర్‌లో అదే ఇంగ్లండ్-ఫ్రాన్స్ లింకుకు ఒడ్డు మీదే, సెలింజ్ కన్వర్టర్ స్టేషన్‌లో మంటలు అంటుకున్నాయి. పూర్తి సామర్థ్యం తిరిగి రావడానికి ఏడాది దాటింది. లంగరు దెబ్బ కంటే అదే ఎక్కువ కాలం పట్టింది.

ఇప్పుడు శ్రీలంక. 2010లోనే సాధ్యాసాధ్యాల అధ్యయనానికి రెండు దేశాలూ ఒప్పందం చేసుకున్నాయి. మదురై నుంచి అనురాధపురం దాకా, మొదట 500, తర్వాత 1,000 మెగావాట్లన్నది ఆలోచన. 2025 ఏప్రిల్‌లో ప్రధాని మోదీ కొలంబో వెళ్లినప్పుడు హెచ్‌వీడీసీ లింకు మీద మళ్లీ అవగాహన ఒప్పందం జరిగింది. మన దేశానికి ఈ పని కొత్త కాదు, బంగ్లాదేశ్‌కు 2013 నుంచి బహరంపూర్ (పశ్చిమ బెంగాల్)-భేరామారా లింకులో పంపుతున్నాం, అదీ గాజువాక లాంటి బ్యాక్-టు-బ్యాకే, సముద్రం మాత్రం లేదు.

నేను పైన చెప్పిన లెక్క ఇక్కడ పెట్టి చూడండి. శ్రీలంక మొత్తం పీక్ డిమాండే 2,500, 3,000 మెగావాట్ల మధ్య. ఇప్పుడు అక్కడున్న పెద్ద యూనిట్లు నొరొచ్చొలై బొగ్గు కేంద్రంలోని 300 మెగావాట్లవి. అలాంటి గ్రిడ్‌కు 500 మెగావాట్లు ఒకే తీగ మీద ఇస్తుంటే, అది ట్రిప్ అయిన రోజు ఐదో వంతు కరెంటు ఒక్క క్షణంలో పోతుంది. 2025 ఫిబ్రవరి 9న దేశమంతా చీకటైంది, కారణం ఒక సబ్‌స్టేషన్‌లో ఫాల్ట్. అది ఆదివారం, వాడకం తక్కువ, సోలార్ ఎక్కువ, ఫ్రీక్వెన్సీని పట్టి ఉంచే, తిరిగే పెద్ద యంత్రాలు తక్కువ. అలాంటి మధ్యాహ్నం 500 మెగావాట్లు దిగుమతి చేసుకోవడం ప్రమాదం. అందుకే రెండు పోల్స్ (ప్లస్ వైపు, మైనస్ వైపు) విడివిడిగా ఉండి, ఒకటి పోయినా ఇంకోటి నడిచే ఏర్పాటు, వీఎస్‌సీ, ఫ్రీక్వెన్సీ సాయం, వీటి మీద రాజీ పడొద్దని నా అభిప్రాయం. ఏసీ ఎందుకు వద్దన్నానో కూడా ఇదే జవాబు: అంత చిన్న గ్రిడ్‌ను మన అంత పెద్ద గ్రిడ్‌కు ఒక్క సన్నని ఏసీ తీగతో కడితే, ఇక్కడి ప్రతి చిన్న ఊగులాటకూ ఆ తీగ ట్రిప్ అవుతుంటుంది.

వ్యాపారంలోనూ ఒక చిక్కుంది. నార్వేకు నీళ్లు, బ్రిటన్‌కు గాలి, అందుకే ఒకరి లోటు ఇంకొకరు తీరుస్తారు. ఇక్కడ తమిళనాడు గాలి, మన్నార్ గాలి రెండూ నైరుతి రుతుపవనాలవే, ఒకే నెలల్లో వీస్తాయి. ఇద్దరి గడియారమూ ఒకటే, సాయంత్రం దీపాలు పెట్టే వేళా ఒకటే. కాబట్టి గాలి మార్పిడి అనే ఆలోచన కంటే, అక్కడ ఆయిల్‌తో తీసే ఖరీదైన కరెంటు స్థానంలో మన చౌక కరెంటు పగలు వెళ్లడం, వాళ్ల కొండల్లోని జలవిద్యుత్తు సాయంత్రానికి మిగలడం, అందులోనే అసలు లాభం ఉంది. ఆ లెక్క ఇద్దరూ నమ్మేలా తేలాలి.

సముద్రం సంగతి: అక్కడ లోతు చాలాచోట్ల పది పదిహేను మీటర్లే. అది సులువని అందరూ అనుకుంటారు, కానీ పెద్ద కేబుల్ ఓడలు అంత తక్కువ నీటిలోకి రాలేవు, బార్జీల మీద చిన్న ముక్కలుగా వేయాలి, ముక్కలు పెరిగితే జాయింట్లు పెరుగుతాయి. మన్నార్ గల్ఫ్‌లో పగడపు దిబ్బలున్న రక్షిత ప్రాంతం ఉంది. అన్నిటికంటే ముఖ్యం, అక్కడ అడుగు గీకే ట్రాలర్ల మీద రెండు దేశాల మత్స్యకారులకు ఏళ్లుగా గొడవ నడుస్తోంది. ఉత్తర సముద్రం ఒడ్డున ఒక ఊళ్లో మా కేబుల్ రూటు మీద మీటింగ్ పెట్టినప్పుడు ఒక ముసలాయన లేచి, ఈ ఇసుక ప్రతి చలికాలం ఎటు కదులుతుందో మ్యాపు మీద వేలితో గీసి చూపించాడు. మా సర్వేలో అది లేదు. ఆ రెండు కిలోమీటర్లలో ఇంకా లోతుగా పూడ్చాం. రామేశ్వరం, తలైమన్నార్ జాలర్లను అలా మొదటే కూర్చోబెట్టి అడగాలి, టెండరు అయ్యాక కాదు.

ఇకపై ఈ వార్త మీకు కనపడినప్పుడు కేబుల్ పొడవెంత అని చూడకండి. అనురాధపురం నుంచి కొలంబో వైపు లైన్ల బలోపేతానికి టెండరు పడిందా, లింకు ట్రిప్ అయితే నిల్వ కరెంటు ఎవరు ఉంచాలి, దాని ఖర్చు ఎవరిది అన్నది రాసుకున్నారా, ఈ రెండూ చూడండి. ఆ రెండూ కనపడిన ఏడాది నుంచి ఐదారేళ్లు లెక్కపెట్టుకోవచ్చు.

కన్వర్టర్ల లోపలి పని గురించి గాని, ఈ రంగంలో ఉద్యోగాల గురించి గాని విడిగా అడగండి, వీలు చూసుకుని రాస్తాను.